పింఛను నోటీసు వేరు, పోలీసు పిలుపు వేరు: రెండూ కలిపి భయపడకండి

ప్రశ్న: మాది చంద్రగిరి పక్కన పల్లె. మా నాయనకు 62 ఏళ్ళు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. తిరుపతిలో పూలు కట్టి అమ్ముతాడు. దివ్యాంగుల పింఛను నెలకు 6,000 వస్తా ఉండింది. మళ్ళీ డాక్టర్ల దగ్గర పరీక్ష చేయించి, 40 శాతం కన్నా తక్కువ ఉంది, పింఛను ఆపేస్తామని సచివాలయం వాళ్ళు నోటీసు ఇచ్చినారు. ఇంతలో దారి తగాదా ఉన్న పక్కింటాయన, నాయన మోపెడ్ తోలేది ఫోన్లో వీడియో తీసి, దొంగ సర్టిఫికెట్ అని స్టేషన్లో చెప్పినాడు. కానిస్టేబుల్ ఫోన్ చేసి రమ్మంటే పొద్దున పోయిన మనిషిని చీకటి పడేదాకా కూర్చోబెట్టినారు. రెండు తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఆధార్ కార్డు, ఫోను వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ తీసుకున్న డబ్బంతా తెచ్చి కట్టు, లేదంటే కేసు రాసి లోపలేస్తాం అన్నారంట. ఆ టెన్షన్‌తో నాయన అన్నం కూడా సరిగా తినడంలేదు. అప్పు చేసి కట్టేయమంటారా? మా పేరు వేయొద్దండీ.

జవాబు: అమ్మా, అప్పు చేయకండి. స్టేషన్లో ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఇది ముందు మీ నాయనకు చెప్పి, ఆయన చేత నాలుగు ముద్దలు తినిపించండి. మిగతాది నిదానంగా చూద్దాం.

మీ ఇంటికి ఒకేసారి రెండు కష్టాలు వచ్చాయి కాబట్టి రెండూ ఒకటేనని మీరనుకుంటున్నారు. పక్కింటాయన, ఆ కానిస్టేబుల్ కూడా మీరలా అనుకోవాలనే కోరుకుంటారు. కానీ పింఛను ఇవ్వడం, ఆపడం మండలంలో ఎంపీడీవో, పట్టణంలో మునిసిపల్ కమిషనర్ చూసే పని. ఎన్టీఆర్ భరోసా పింఛన్లను పైనుంచి నడిపేది సెర్ప్ అనే రాష్ట్ర పేదరిక నిర్మూలన సంస్థ. ఈ వరసలో పోలీసులు ఎక్కడా లేరు. పింఛను ఉంచమని గానీ, తీసేయమని గానీ, ఇచ్చిన డబ్బు వసూలు చేయమని గానీ వాళ్ళకు ఏ చట్టమూ చెప్పలేదు. నేరం జరిగిందని ఫిర్యాదు వస్తే విచారించడం వరకే వాళ్ళ పని. దానికీ ఒక పద్ధతి ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు పింఛను సంగతి. మీకు నోటీసు ఇచ్చారంటే అక్కడితో అంతా అయిపోయినట్టు కాదు. మీ మాట చెప్పుకోవడానికి ఇచ్చిన అవకాశం అది. అందులో అప్పీలుకు గడువు ఉంటుంది, ముందు ఆ తేదీ చూడండి. ఆలోగా ఎంపీడీవో ఆఫీసులో అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సీలు వేయించుకోండి. సీలు లేని అర్జీ రేపు ఎవరికీ కనిపించదు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అదే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

అర్జీలో ఏం రాయాలన్నది ముఖ్యం. 'మేం పేదవాళ్ళం, దయచేసి పింఛను ఇప్పించండి' అని మాత్రమే రాస్తే ఉపయోగం లేదు. శాతం ఎలా వేశారో అడగండి. పోలియో కాలుకు వైకల్యం శాతం కంటితో చూసి వేసేది కాదు. కీలు ఎంతవరకు కదులుతోంది, కండరానికి ఎంత బలం ఉంది, ఒక కాలు రెండోదానికన్నా ఎంత పొట్టిగా ఉంది, ఇవన్నీ కొలిచి, కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం లెక్క కట్టాలి. ఆ కొలతలు రాసిన షీటు కాపీ ఇవ్వమనండి. పాత సర్టిఫికెట్లో ఎంత శాతం ఉంది, అప్పుడు శాశ్వత వైకల్యమని రాశారా, తాత్కాలికమని రాశారా చూడండి. శాశ్వతమని రాసి ఉంటే, చిన్నప్పుడు పోలియోతో సన్నబడిన కాలు 62 ఏళ్ళ వయసులో ఎలా బాగుపడిందో చెప్పాల్సిన బాధ్యత వాళ్ళదే. ఈ ప్రశ్నను అర్జీలో సూటిగా రాయండి. మీ చేతిలో ఉన్న గట్టి పాయింటు ఇదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ ప్రకారం, సర్టిఫికెట్ మీద అభ్యంతరం ఉంటే ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారి దగ్గరికి వెళ్ళే హక్కు ఉంది. తిరుపతి రుయా ఆస్పత్రిలోనో, మరో ప్రభుత్వ ఆస్పత్రి బోర్డు ముందో మళ్ళీ పరీక్ష చేయించమని అడగండి. చిన్నప్పటి ఆస్పత్రి చీటీలు, కాలికి ఆసరాగా కట్టే కాలిపర్స్ వాడి ఉంటే దాని రసీదు, బడి రికార్డులో రాసింది, ఏది దొరికితే అది వెంట తీసుకెళ్ళండి.

అదే అర్జీలో చివరి పేరా ఒకటి చేర్చండి. మీ నాయనకు 60 దాటింది. వృద్ధాప్య పింఛనుకు వయసు సరిపోతుంది. అది ఇప్పుడు నెలకు 4,000. 'దివ్యాంగుల పింఛను కొనసాగించండి. ఒకవేళ అది కుదరదని తేలితే, ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా వృద్ధాప్య పింఛనులోకి మార్చండి' అని రాయండి. చాలామంది ఈ రెండో మాట అడగరు. అడగనిదే ఆఫీసులో ఎవరూ గుర్తుచేయరు.

కారణం రాయకుండా, మీ మాట వినకుండా ఆపేస్తే అది చెల్లదు. ఒకరి హక్కును తీసేసే ముందు వాళ్ళ మాట వినాలని మేనకా గాంధీ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకు ఆపారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. 4వ సెక్షన్ ప్రకారం, తన నిర్ణయం వల్ల ఎవరికి నష్టం కలుగుతుందో వాళ్ళకు కారణాలు చెప్పాల్సింది ఆ ఆఫీసే. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు, రేషన్ కార్డు జిరాక్స్ జత చేస్తే చాలు. జవాబుకు 30 రోజులు గడువు. ఇవేవీ పనిచేయకపోతే రాజ్యాంగం 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. అప్పుడు మీ దగ్గరున్న సీలు వేసిన కాపీలే సాక్ష్యం.

ఇప్పుడు పోలీసుల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ భాగమే. కుంటుకుంటూ వచ్చిన 62 ఏళ్ళ మనిషిని పొద్దున నుంచి రాత్రి దాకా బెంచీ మీద కూర్చోబెట్టడానికి కారణం ఎవరో తీసిన మోపెడ్ వీడియో అంటే, అది విచారణ కాదు, బెదిరింపు. మోపెడ్ తోలగలిగినంత మాత్రాన కాలు బాగున్నట్టు కాదు. కాలు బాగుంటే ఆ బండి అవసరమే అంతగా ఉండేది కాదు.

పోలీసులు ఎలా విచారించాలో, ఎలా అరెస్టు చేయాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ. 2024 జూలై 1 నుంచి దాని బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. ఈ కొత్త చట్టం ప్రకారం చూద్దాం. సాక్షిగా పిలవాలంటే 179వ సెక్షన్ కింద రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. 60 దాటిన మగవాళ్ళను, ఆడవాళ్ళను, దివ్యాంగులను స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు, వాళ్ళ ఇంటికే వచ్చి మాట్లాడాలి. మీ నాయనకు వయసు, కాలు, రెండూ వర్తిస్తాయి. నిందితుడిగా పిలవాలంటే 35వ సెక్షన్, 3వ సబ్‌సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. ఫోన్ కాల్ నోటీసు కాదు. వాట్సాప్‌లో పంపితే కూడా కుదరదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే ఒక జాగ్రత్త: సరైన నోటీసు చేతికి వస్తే మాత్రం తప్పకుండా వెళ్ళాలి. వెళ్ళకపోతే అదే అరెస్టుకు కారణం చూపిస్తారు.

కేసు రాసి లోపలేస్తాం అన్నారు కదా, అసలు ఏ కేసు? దివ్యాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసం చేసి పొందితే 2016 చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళ కన్నా తక్కువ శిక్ష ఉన్న ఇలాంటి నేరంలో మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తే మొదలుపెట్టకూడదు, వారెంటు లేకుండా అరెస్టూ చేయకూడదు. అందుకే కొందరు దీనికి, నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద చీటింగ్ తగిలిస్తారు. దాంట్లో ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది. అయినా ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్న కేసుల్లో కారణం రాయకుండా, ముందు నోటీసు ఇవ్వకుండా ఊరికే అరెస్టు చేయొద్దని అర్నేష్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పైగా చీటింగ్ నిలబడాలంటే మొదటి నుంచీ మోసం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. ప్రభుత్వ డాక్టర్లు మనిషిని చూసి ఇచ్చిన సర్టిఫికెట్ ఒకటి, తర్వాత వేరే డాక్టర్లు చూసి తక్కువ శాతం వేశారు. ఇది డాక్టర్ల మధ్య తేడా. పేషెంటు చేసిన నేరం ఎలా అవుతుంది?

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మధ్యవర్తికి డబ్బిచ్చి సర్టిఫికెట్ చేయించుకున్న సంగతి ఏదైనా ఉంటే, అర్జీలు పెట్టకముందే మీ లాయరుకు చెప్పండి. లాయరుతో చెప్పిన మాట బయటకు పోదు. దాచిపెట్టి అర్జీలో వేరేగా రాస్తే, లేని కేసును మీరే తయారుచేసినట్టవుతుంది.

తెల్ల కాగితాల మీద సంతకాలు చిన్న విషయంగా వదలొద్దు. దర్యాప్తులో పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని నాగరిక్ సురక్షా సంహితలోనే ఉంది, 181వ సెక్షన్ చూడండి. మరి ఏమీ రాయని కాగితం మీద సంతకం ఎందుకు? ఈ వారమే తిరుపతి ఎస్పీ గారికి అర్జీ పంపండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు వెళ్ళారు, ఎప్పుడు వదిలారు, ఎన్ని కాగితాలు, ఏమేం పెట్టుకున్నారు, మీ నాయనకు గుర్తున్నంత వరకు ఆయన మాటల్లోనే రాయండి. 'ఆ సంతకాలు ఇష్టపూర్వకంగా పెట్టినవి కావు, వాటిమీద ఏం రాసినా నాకు సంబంధం లేదు' అని స్పష్టంగా చేర్చండి. స్పీడ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపి, ఒక కాపీ ఆ స్టేషన్ పరిధిలోని మేజిస్ట్రేట్ కోర్టుకు కూడా పంపండి. ఆరోజు స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీ చెరిపేయకుండా భద్రపరచమని అదే అర్జీలో అడగండి. 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్లో కెమెరాలు పెట్టి రికార్డింగులు దాచాలని సుప్రీంకోర్టు చెప్పింది. పొద్దున నుంచి రాత్రి దాకా మీ నాయన అక్కడే ఉన్నారన్నదానికి మీ మాట కన్నా ఆ ఫుటేజీ బలం. ఆలస్యమైతే అది దొరకదు.

ఆధార్, ఫోను సంగతి కూడా అంతే. కేసు కోసం ఏదైనా స్వాధీనం చేసుకుంటే జాబితా రాయాలి, సాక్షుల సంతకాలు ఉండాలి, వీడియో తీయాలి, మేజిస్ట్రేట్‌కు తెలపాలి. జాబితా కాపీ మీ చేతికి రాలేదంటే తిరిగి ఇవ్వమని రాతగా అడగండి. కేసు కట్టారో లేదో తెలుసుకోవాలంటే రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో ఎఫ్ఐఆర్ వెతకండి. సున్నితమైనవి తప్ప మిగతావన్నీ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈలోగా పింఛను తీసుకోవడానికి అసలు కార్డే ఉండాలని లేదు, నంబరు, వేలిముద్రో ముఖమో సరిపోతాయి.

డబ్బు తిరిగి కట్టే విషయం. అర్హత లేదని తేలి, ప్రభుత్వం వెనక్కి అడగాలనుకున్నా, ఆ డబ్బు అడగాల్సింది సంబంధిత శాఖ, రాతగా, లెక్కతో, మీ జవాబు విన్న తర్వాత. స్టేషన్లో చేతికిచ్చిన డబ్బుకు రసీదు ఉండదు, రేపు తప్పు ఒప్పుకున్నారని దాన్నే చూపించవచ్చు కూడా.

లాయరు ఫీజు ఎక్కడ తెచ్చేదని అడగలేదు గానీ, అది మీ మనసులో ఉంటుందని నాకు తెలుసు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు ఉచితంగా లాయరును ఇస్తారు. తిరుపతి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంది, జిల్లా సంస్థ చిత్తూరు కోర్టులో ఉంది. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చినా అక్కడి కమిటీ లాయరును పెడుతుంది. నోటీసు, పాత సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఆధార్ నంబరు, ఎస్పీ గారికి పంపిన అర్జీ కాపీ తీసుకుని మీరే వెళ్ళండి, మీ నాయనను అంత దూరం తిప్పక్కర్లేదు.

మళ్ళీ స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఫోన్ మీరు తీసుకోండి, ఆయనకు ఇవ్వకండి. 'నోటీసు రాసి ఇవ్వండి సార్, లాయరుతో వస్తాం' అని చెప్పి, ఎవరు చేశారో, ఎన్ని గంటలకు చేశారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.