టెక్ సందేహాలు: డ్రిల్ ప్యాక్‌లో కొత్త సెల్స్ వేశా, బీఎంఎస్ పెట్టాక ఔట్‌పుట్ సున్నా

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి, చచ్చిపోయిన పవర్ టూల్ బ్యాటరీని విప్పి సెల్స్ మార్చి బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే చిన్న సర్క్యూట్) బోర్డు తగిలించడం. అందుకే వేరేవి పక్కన పెట్టి ఈ నాలుగే తీసుకున్నాను.

ప్రశ్న: 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్ ప్యాక్ పోతే విప్పి లోపలున్న 10 సెల్స్ తీసేసి కొత్తవి వేశాను, రెండేసి జతలుగా ఐదు గ్రూపులు. పాత బోర్డు కాలిపోయింది, అందుకని విడిగా 5ఎస్ (సిరీస్‌లో ఐదు గ్రూపులకి సరిపోయే) 30 ఆంప్స్ బీఎంఎస్ పెట్టాను. సెల్స్ దగ్గర చూస్తే 18 వోల్టులు ఉన్నాయి గానీ బోర్డు ఔట్‌పుట్ కొసలైన పీ ప్లస్, పీ మైనస్ మధ్య ఒకసారి 0, ఒకసారి 7 చూపిస్తోంది. బోర్డు పోయినట్టేనా? ఏ వైరు ఎక్కడికో కూడా కాస్త చెప్పండి.

జవాబు: బోర్డు పోయిందని ఇప్పుడే పక్కన పడేయకండి, చాలావరకు అది ఇంకా ఆన్ అవ్వలేదు అంతే. ఇలాంటి బోర్డుల్లో చాలావాటికి మొదటిసారి సెల్స్ తగిలించగానే ఔట్‌పుట్ రాదు, లోపలున్న ప్రొటెక్షన్ ఐసీ ఆఫ్‌లోనే మొదలవుతుంది, కరెంట్‌ని ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లైన మాస్‌ఫెట్లు మూసుకునే ఉంటాయి, ఛార్జర్ ఒక్కసారి తగిలితే తప్ప తెరుచుకోవు. మీకు కనిపించిన 7 వోల్టులు కూడా పనికొచ్చే వోల్టేజ్ కాదు, మీటర్ అసలు కరెంటే లాగదు కాబట్టి మూసుకున్న మాస్‌ఫెట్ లోంచి కారే ఆ కాస్తకే అంకె చూపించేస్తుంది, అక్కడ ఏదైనా చిన్న బల్బు పెడితే వెంటనే సున్నాకి పడిపోతుంది. ఖాయం చేసుకోవాలంటే మీటర్ ఒక మొన బీ మైనస్ (ప్యాక్ మైనస్ వచ్చి కలిసే చోటు) మీద, ఇంకోటి పీ మైనస్ మీద పెట్టండి. ఆ రెండిటి మధ్య వోల్టులు కనిపిస్తే మాస్‌ఫెట్లు ఆఫ్‌లో ఉన్నట్టు, దాదాపు సున్నా ఉంటే ఆన్‌లో ఉన్నట్టు.

కానీ ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. బోర్డు మొదటిసారి కాబట్టి ఆఫ్‌లో ఉందా, లేక మీ వైరింగ్‌లో తప్పు పసిగట్టి ఆఫ్ చేసుకుందా అనేది బయటికి ఒకేలా కనిపిస్తుంది. రెండోది అయ్యుండి మీరు ఛార్జర్ పెట్టి బలవంతంగా లేపితే అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. కాబట్టి లేపే ముందు కొలవాలి, నేను ఈ కాలమ్‌లో పదిసార్లు చెప్పినా పదకొండోసారి చెప్తాను.

సెల్ గ్రూపుల నుంచి బోర్డుకి వచ్చే సన్న వైర్ల కనెక్టర్‌ని బోర్డు నుంచి ఊడదీయండి. మీటర్ నల్ల మొనని ప్యాక్ మొత్తానికి మైనస్ అయిన చోట, అంటే మొదటి గ్రూపు మైనస్ దగ్గర ఉంచేసి ఎర్ర మొనతో కనెక్టర్ పిన్నులు వరసగా తాకుతూ పొండి. మీ సెల్స్ ఒక్కోటి 3.6 దగ్గర ఉంటే అంకెలు 0, 3.6, 7.2, 10.8, 14.4, 18 అని మెట్లెక్కినట్టు రావాలి, ప్రతి మెట్టూ సమానంగా. ఎక్కడైనా మెట్టు దిగినా, రెండు పిన్నులకి ఒకే అంకె వచ్చినా, ఒక్కసారే 7.2 ఎగిరినా కనెక్టర్ పెట్టకండి. కొన్ని బోర్డులకి ఆ సున్నా పిన్ను ఉండదు, లావు బీ మైనస్ వైరే ఆ పని చేస్తుంది, అప్పుడు ఐదు పిన్నులే ఉంటాయి. వైర్ల రంగుల్ని మాత్రం నమ్మొద్దు, బోర్డు మీద బీ1, బీ2 అని అచ్చేసిన అక్షరాల్నే నమ్మండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. నేను ఒకసారి తొందరలో బీ2, బీ3 వైర్లు తారుమారు చేసి కనెక్టర్ నొక్కేశాను. రెండు సెకన్లలో బోర్డు అంచున వరసగా ఉండే చిన్న రెసిస్టర్లలో ఒకటి నల్లబడి సన్నగా పొగ లేచింది, ఆ వాసన గదిలోంచి సాయంత్రం దాకా పోలేదు. తర్వాత కూర్చుని లెక్కేస్తే అర్థమైంది, ఆ రెసిస్టర్ మీద 101 అని ఉంది, అంటే 100 ఓమ్స్, పావు వాట్ తట్టుకునే సైజు. దానికి 3.6 బదులు 7.2 వోల్టులు పడితే అర వాట్‌కి పైనే. నా అదృష్టం కొద్దీ పోయింది బోర్డే, సెల్స్ కాదు.

ఇక వైర్ల సంగతి. ప్యాక్ మైనస్ నుంచి లావు వైరు బీ మైనస్‌కి, ఇది ముందు సోల్డర్ చెయ్యాలి. తర్వాత కనెక్టర్ బోర్డు నుంచి ఊడి ఉన్నప్పుడే సన్న వైర్లు సెల్ గ్రూపులని కలిపే నికెల్ స్ట్రిప్‌ల మీద పెట్టుకోవాలి, ఆఖరున కొలిచి చూసి కనెక్టర్ నొక్కాలి. ప్యాక్ ప్లస్ నుంచి బీ ప్లస్, చాలా బోర్డుల్లో బీ ప్లస్, పీ ప్లస్ ఒకే రాగి ముక్క, లోపల స్విచ్ ఏమీ ఉండదు, ఆపడం అంతా మైనస్ వైపే. అందుకే టూల్‌కి వెళ్ళే మైనస్ తప్పనిసరిగా పీ మైనస్ నుంచే పోవాలి. చాలామంది చేసే తప్పు ఇక్కడే, చోటు సరిపోక టూల్ మైనస్‌ని బీ మైనస్‌కే అంటించేస్తారు, డ్రిల్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, బోర్డు ఉన్నా లేనట్టే. విప్పేటప్పుడు ఇదంతా తిరగేసి, ముందు కనెక్టర్, ఆఖరున బీ మైనస్.

ఒక సంగతి దగ్గరగా చూసి తీరాలి. సెల్ పైభాగంలో ప్లస్ బొడిపె చుట్టూ ఒక అంచు ఉంటుంది చూడండి, అదీ ఆ సెల్ ఒళ్ళంతా మైనస్సే. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య అక్కడ ఉండేది సన్నటి సందు, పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగు, అంతే. నికెల్ స్ట్రిప్ ఆ అంచు మీదుగా పోతూ నెలల తరబడి డ్రిల్ వణుకుకి రాసుకుంటే తొడుగు తెగుతుంది, అప్పుడు మధ్యలో ఏ ఫ్యూజూ లేని షార్ట్. ఆ షార్ట్ సెల్‌లోనే అవుతుంది కాబట్టి బీఎంఎస్ దాన్ని ఆపలేదు. అందుకే ప్రతి ప్లస్ చివర గట్టి కాగితపు ఇన్సులేటర్ రింగ్ అంటించాకే వెల్డింగ్ చెయ్యాలి. మీరు వెయ్యకపోతే, అవును, మళ్ళీ విప్పి వెయ్యమనే చెప్తున్నాను.

అన్నీ సరిపోయాక 21 వోల్టుల లిథియం ఛార్జర్‌ని పీ ప్లస్, పీ మైనస్‌కి పెట్టండి, బోర్డు లేస్తుంది. ఛార్జింగ్‌కి విడిగా సీ మైనస్ ఉన్న బోర్డయితే ఛార్జర్ మైనస్ అక్కడికి. మొదటి లోడ్‌గా డ్రిల్ వద్దు, 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బులు రెండు సిరీస్‌లో కలిపి పెట్టండి, రెండు ఆంప్స్ లోపే లాగుతాయి. అవి అరగంట వెలిగాక చేత్తో సెల్స్, అతుకులు తడిమి చూడండి, ఏదో ఒక్క చోటే వెచ్చగా ఉంటే అక్కడి వెల్డ్ సరిగ్గా పడలేదు. ఈ పనంతా కళ్ళద్దాలు పెట్టుకుని, ఉంగరాలు గొలుసులు తీసేసి, మంటంటుకునేవి ఏవీ దగ్గర్లో లేని చోట.

ప్రశ్న: నా ప్యాక్‌లో ఐదే సెల్స్. స్క్రూ బిగిసే చోటికి వచ్చేసరికి ఠక్కున ఆగిపోతోంది, ట్రిగ్గర్ వదిలి నొక్కితే మళ్ళీ తిరుగుతోంది, ఛార్జ్ సగం అయిపోయాక మరీ ఎక్కువ. 30 ఆంప్స్ బదులు 60 ఆంప్స్ బోర్డు వేస్తే చాలా? సెల్స్ లాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసినవి, మీటర్‌లో అన్నీ 4.1 చూపిస్తున్నాయి.

జవాబు: చాలదు. మీ ఇబ్బంది బోర్డులో లేదు, సెల్స్‌లో ఉంది. మీటర్ 4.1 చూపించడం అంటే సెల్ నిండా ఉందని అర్థం, బలంగా ఉందని కాదు. లాప్‌టాప్ సెల్ నిదానంగా కొన్ని ఆంప్స్ ఇవ్వడానికి చేసింది, వాడి వాడి దాని లోపలి రెసిస్టెన్స్ 60, 70 మిల్లీ ఓమ్స్‌కి చేరడం మామూలే. డ్రిల్ బిగిసినప్పుడు 30 ఆంప్స్ లాగిందనుకోండి, ఒక్కో సెల్ లోపలే దాదాపు 2 వోల్టులు పోతాయి. సగం ఛార్జ్‌లో 3.7 ఉన్న సెల్ ఆ క్షణంలో 1.7కి పడుతుంది, బోర్డు 2.8 లోనో 2.5 లోనో కట్ చెయ్యాలని ఉంది కాబట్టి కట్ చేస్తుంది, మీరు ట్రిగ్గర్ వదలగానే వోల్టేజ్ మళ్ళీ లేస్తుంది, బోర్డు మళ్ళీ తెరుచుకుంటుంది. అది దాని పని అది సరిగ్గానే చేస్తోంది. నిండా ఛార్జ్ ఉన్నప్పుడు కూడా ట్రిగ్గర్ నొక్కిన మొదటి క్షణమే ఆగిపోతుంటే అప్పుడు ఓవర్ కరెంట్ అని అనుమానించాలి, ఆగిపోయి ఉన్న మోటార్ తిరగడం మొదలెట్టేటప్పుడు లాగే కరెంట్ తిరిగేటప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అలాంటప్పుడు పెద్ద బోర్డు వెయ్యడంలో అర్థముంది.

దయచేసి బోర్డుని తప్పించి నేరుగా మాత్రం కలపకండి. డ్రిల్ బలంగా తిరుగుతుంది, నిజమే, ఆ వేడి మాత్రం ఎక్కడికీ పోదు, మీ చేతి కిందున్న ఆ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంటుంది.

టూల్స్‌కి హై డ్రెయిన్ సెల్స్, అంటే ఒక్కసారే ఎక్కువ కరెంట్ ఇవ్వగలిగేవి కావాలి. 18650 సైజులో, అంటే 18 మిల్లీమీటర్ల లావు 65 పొడవు, శాంసంగ్ 25ఆర్ (2500 మిల్లీ ఆంప్ అవర్, 20 ఆంప్స్), ఎల్‌జీ హెచ్‌జీ2 (3000, 20 ఆంప్స్) లాంటివి ఈ పనికి బాగా నలిగిన పేర్లు. పైన 9900 అని రాసున్నవి చూస్తే తాకకండి, ఆ సైజు సెల్‌లో అంత పట్టదు, తూకం వేస్తే తెలిసిపోతుంది, మంచి సెల్ 45 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, నకిలీది చాలాసార్లు బాగా తేలిక. ఇంకొకటి, ఎప్పుడో 2 వోల్టుల కిందికి పడి నెలలు అలాగే ఉండిపోయిన సెల్‌ని మెల్లగా ఛార్జ్ చేసి బతికించాం అనుకోవద్దు, అంత కిందికి దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది, మళ్ళీ ఛార్జ్ పెట్టినప్పుడు ఆ రాగి అక్కడక్కడా పేరుకుని లోపలే షార్ట్ అయ్యే వీలుంది. పైకి 4.1 చూపిస్తూనే ఉంటుంది.

స్ట్రిప్ కూడా చూస్కోండి. నికెల్ పూత పూసిన ఇనుప స్ట్రిప్‌కి అసలు నికెల్ కంటే రెసిస్టెన్స్ చాలా ఎక్కువ, కాస్త గీకి ఉప్పునీళ్ళలో ఒక రోజు వేస్తే ఇనుముదైతే తుప్పు కనిపిస్తుంది.

ప్రశ్న: బ్యాలెన్సింగ్ (గ్రూపులన్నిటి వోల్టేజ్‌నీ సమానం చేసే ఏర్పాటు) ఉన్న బోర్డే వేశాను. రాత్రంతా ఛార్జ్ పెట్టినా ఒక గ్రూపు 4.05 దగ్గరే ఆగుతోంది, మిగతా నాలుగూ 4.2 దాటి పోతున్నాయి. బ్యాలెన్సింగ్ పనిచెయ్యట్లేదా?

జవాబు: పనిచేస్తూ ఉండొచ్చు, కానీ అది చేసే పని చాలా చిన్నది. ముందు ఇది చూడండి, ఛార్జర్‌కి కనిపించేది మొత్తం 21 వోల్టులే. మీ ఒక్క గ్రూపు 4.05లో ఉంటే మిగిలిన 16.95ని నాలుగు పంచుకోవాలి, ఒక్కోటి దాదాపు 4.24. ఛార్జర్ లెక్కలో అంతా బాగున్నట్టే, మీ నాలుగు గ్రూపులు మాత్రం రోజూ కొంచెం ఎక్కువే తాగుతున్నాయి, వాటి ఆయుష్షు అలా తగ్గిపోతుంది.

బోర్డు మీది ఆ 101 రెసిస్టర్లే బ్యాలెన్సింగ్ చేసేవి, ఎక్కువ ఉన్న గ్రూపు నుంచి కాస్త కరెంట్ వేడిగా వదిలేస్తాయి. 4.2ని 100తో భాగిస్తే 42 మిల్లీ ఆంప్స్. వెనకబడ్డ గ్రూపు 500 మిల్లీ ఆంప్ అవర్లు తక్కువలో ఉందనుకుంటే మిగతావాటిని అంత కిందికి దించడానికి దాదాపు 12 గంటలు కావాలి, అదీ అవి 4.2 చుట్టుపక్కల ఉన్నంతసేపే, అంతకంటే దిగగానే ఆగిపోతుంది. చిన్న చిన్న తేడాలు సర్దడానికే అది, మొదట్లోనే ఉన్న పెద్ద తేడాని పూడ్చడానికి కాదు.

పెద్ద ఛార్జర్ తీసేసి, ముందు మిగతా నాలుగూ 4.2కి దిగేదాకా కాస్త వాడండి, తర్వాత ఆ ఒక్క గ్రూపు ప్లస్, మైనస్ పట్టుకుని 4.2 దగ్గర ఆగే సింగిల్ సెల్ ఛార్జర్‌తో దాన్నొక్కదాన్నే నింపండి, అప్పుడు అన్నీ ఒక దగ్గరికి వస్తాయి. వారం పక్కన పెట్టి మళ్ళీ కొలవండి. అదే గ్రూపు మళ్ళీ వెనకబడితే అందులో ఒక సెల్ తనంతట తనే కారిపోతోంది, ఆ గ్రూపు మార్చడమే, వేరే దారి లేదు. కొత్తగా కట్టేవాళ్ళయితే అతికే ముందే ఒక్కో సెల్‌ని విడిగా 4.2కి నింపి పెట్టుకోండి, ఈ బాధంతా ఉండదు.

ప్రశ్న: పాత 14.4 వోల్టుల నికెల్ కాడ్మియం డ్రిల్. లిథియం సెల్స్ వేసి పాత ఛార్జరే వాడుకోవచ్చా, బీఎంఎస్ ఎలాగూ ఉంటుంది కదా?

జవాబు: సెల్స్ వెయ్యొచ్చు. 1.2 వోల్టులవి 12 ఉన్న చోట 3.6 వోల్టులవి 4, రెండూ 14.4 అవుతాయి, బోర్డు 4ఎస్‌ది, అదీ లిథియం అయాన్‌కి చేసినది, లిథియం ఫాస్ఫేట్ బోర్డు అయితే కట్ అయ్యే వోల్టేజ్ వేరు. ఛార్జర్ మాత్రం వద్దు. పాత ఛార్జర్ నిండిందని గుర్తుపట్టేది చివర్లో వోల్టేజ్ కొంచెం జారడం చూసో, సెల్ వేడెక్కడం చూసో. లిథియం సెల్ అలా జారదు, కాబట్టి అది తోస్తూనే ఉంటుంది, ఇక ఆపాల్సిన భారమంతా బీఎంఎస్ మీదే పడుతుంది. బీఎంఎస్‌ది ఆఖరి గేటు, అది రోజూ మూసే తలుపు కాదు. 16.8 వోల్టుల దగ్గర ఆగే లిథియం ఛార్జర్ తీసుకుని, పాత ఛార్జర్ పొరపాటున కూడా ఎవరూ గుచ్చకుండా ప్యాక్‌కి వేరే రకం సాకెట్ పెట్టేయండి.