జ్ఞానస్నానాన్ని విందు కోసం వాయిదా వేయవచ్చునా?

ప్రశ్న: మాది కడపలో ఒక కథోలిక కుటుంబం. మా బాబుకు నాలుగు నెలలు, పాపకు ఎనిమిదేళ్లు. ఇద్దరికీ ఇంకా జ్ఞానస్నానం (బాప్తిస్మం) కాలేదు. కువైట్‌లో ఉన్న మా బావగారు సెలవు మీద వచ్చినప్పుడు, ఆయననే జ్ఞానతండ్రిగా (బిడ్డను విశ్వాసంలో పెంచడానికి తోడుగా నిలిచే వ్యక్తిగా) నిలబెట్టి ఘనంగా చేద్దామని అత్తగారు, మావారు ప్రతి ఏడూ వాయిదా వేస్తున్నారు. సి.ఎస్.ఐ. అనే ప్రొటెస్టెంట్ సంఘానికి చెందిన నా స్నేహితురాలిని జ్ఞానతల్లిగా పెట్టుకోవాలని నా కోరిక. ఇరుగుపొరుగు వారేమో పసిబిడ్డకు ఏం తెలుసని ఇస్తారు, పెద్దయ్యాక తనే తీసుకుంటాడు కదా అంటున్నారు. పిల్లలను ఎలా సిద్ధం చేయాలో చెప్పగలరు. – ఒక సోదరి, కడప

సమాధానం: అమ్మా, ముందుగా వాయిదా సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో అసలు చిక్కు అక్కడే ఉంది. 1983 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన తొలి వారాల్లోనే జ్ఞానస్నానం ఇప్పించవలసిన బాధ్యత తల్లిదండ్రులది. బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే ఏమాత్రం ఆలస్యం చేయకూడదు, గురువు (ఫాదర్) అందుబాటులో లేకపోతే ఎవరైనా సరే శ్రీసభ ఉద్దేశంతో నీళ్లు పోసి, పిత, పుత్ర, పవిత్రాత్మల నామమున ఇవ్వవచ్చును. బంధువుల సెలవు కుదరలేదన్నది ఆలస్యానికి తగిన కారణం కాదని నేను గట్టిగానే చెబుతున్నాను.

జ్ఞానస్నానంలో బిడ్డకు జన్మపాపం తొలగిపోతుంది, దేవుని బిడ్డగా కొత్త జన్మ కలుగుతుంది, క్రీస్తు శరీరమైన శ్రీసభలో స్థానం దొరుకుతుంది. ఆత్మపై పడే ఆ ముద్ర చెరిగేది కాదు కనుక జీవితంలో ఒక్కసారే ఇస్తారు. పెద్దయ్యాక మునిగితేనే చెల్లుతుందని చెప్పి, పసితనంలో జ్ఞానస్నానం పొందినవారికి మళ్లీ ఇచ్చే పద్ధతిని శ్రీసభ అంగీకరించదు.

పసిబిడ్డకు ఏం తెలుసు అన్న ప్రశ్నకు మార్కు సువార్త రెండవ అధ్యాయం చదవండి. నలుగురు మనుషులు ఒక పక్షవాత రోగిని మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి, పడకతో సహా కిందికి దించారు. ప్రభువు ఆ మోసుకొచ్చినవారి విశ్వాసాన్ని చూసి అతని పాపాలు క్షమించాడు. అప్పటికి ఆ రోగి నోరు విప్పి అడిగింది ఏమీ లేదు. మీ బాబును మీరు దేవాలయానికి ఎత్తుకువెళ్లేదీ అలాగే. శిశువులకు జ్ఞానస్నానం ఇవ్వడం అపొస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయమని 3వ శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఒరిజెన్ రాశారు.

కాబట్టి బాబు విషయంలో సిద్ధపడవలసింది మీరిద్దరూ, జ్ఞాన తల్లిదండ్రులూను. గుమ్మం దగ్గర గురువు బిడ్డ పేరు అడిగి, శ్రీసభ నుంచి ఏమి కోరుతున్నారని ప్రశ్నిస్తారు. విశ్వాసంలో పెంచే బాధ్యత తెలిసే అడుగుతున్నారా అంటారు. తరువాత పిశాచాన్ని విసర్జించడం, విశ్వాసాన్ని ప్రకటించడం మీ నోటితోనే జరగాలి. విశ్వాస సంగ్రహాన్ని, అంటే మన విశ్వాసాన్ని క్లుప్తంగా చెప్పే ప్రార్థనను, భార్యాభర్తలు ముందే కూర్చొని, ఒక్కొక్క మాటకూ అర్థం తెలుసుకుంటూ చదువుకోండి. బట్టల గురించి ఒక చిన్న మాట: తైలం ముందుగా బిడ్డ రొమ్ము మీద పూస్తారు, నీళ్లు మూడుసార్లు పోశాక క్రిస్మా అనే పరిమళ అభిషేక తైలం నడినెత్తిన పూస్తారు. వీపున గుండీలున్న జరీ సూటు తొడిగితే ఆ సమయంలో తల్లి గుండీలు వెతుక్కోవడం, బిడ్డ గుక్కపట్టి ఏడవడం జరుగుతాయి. ముందువైపు విప్పుకునే పలుచని నూలు చొక్కా చాలును. తెల్లని వస్త్రం ఎలాగూ ఆ తరువాత కప్పుతారు.

జ్ఞానతండ్రిగా గాని, జ్ఞానతల్లిగా గాని ఒక్కరున్నా సరిపోతుంది. ఆ వ్యక్తికి సాధారణంగా పదహారేళ్లు నిండి ఉండాలి. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) పొంది, విశ్వాసానికి తగినట్టు జీవిస్తున్న కథోలికులై ఉండాలి. మీ బావగారు ఇందుకు తగినవారే కావచ్చును, కాని ఏడాదికొకసారి కనబడే పెదనాన్న కంటే ప్రతి ఆదివారం పూజకు బిడ్డను వెంటబెట్టుకు వెళ్లగల మనిషి మేలని నా అభిప్రాయం. మీ స్నేహితురాలు జ్ఞానస్నానం పొందినవారే కనుక, ఒక కథోలిక జ్ఞానతండ్రితో పాటు సాక్షిగా నిలబడవచ్చును. జ్ఞానతల్లి స్థానం మాత్రం ఆమెకు ఇవ్వరు.

ఇక పాప. ఏడేళ్లు నిండి మంచిచెడులు తెలిసిన బిడ్డను ఈ విషయంలో చట్టం పెద్దవారితో సమానంగా చూస్తుంది. ఆమె తరఫున మీరు జవాబు చెప్పడం కుదరదు. ఆమె తనంతట తాను కోరుకోవాలి, సత్యోపదేశం (విశ్వాస పాఠాలు) నేర్చుకోవాలి. జ్ఞానస్నానంతో పాటే భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం కూడా ఇవ్వడం నియమం కనుక, ఎన్నాళ్లు తరగతులకు రావాలో, ఎప్పుడు ఇస్తారో మీ విచారణ గురువులు నిర్ణయిస్తారు. తమ్ముడితో పాటు ఒకేరోజు కావాలని ఆమెను తొందరపెట్టకండి. ప్రార్థనలు అప్పజెప్పించడంతో సరిపెట్టకుండా, యేసు ఎవరని నువ్వు అనుకుంటున్నావు, జ్ఞానస్నానం నీకు ఎందుకు కావాలి అని ఇంట్లో తీరికగా అడగండి. ఆమె చెప్పేది తప్పయినా మధ్యలో దిద్దకుండా పూర్తిగా వినండి. ఇన్నేళ్లు ఎందుకు ఇప్పించలేదని ఆమె అడిగితే నిజమే చెప్పండి.

ఈ ఆదివారం పూజ అయ్యాక మీవారిని వెంటబెట్టుకుని గురువులను కలవండి, బాబుకు దగ్గరలోని ఆదివారమే తేదీ అడగండి. అత్తగారికి విందు మానమని చెప్పనక్కరలేదు. బావగారు వచ్చినప్పుడు కృతజ్ఞతా పూజ చెప్పించి, చుట్టాలందరినీ పిలిచి భోజనాలు పెట్టుకోవచ్చును.