వీడియో గేములు ఇంత పెరిగాక, బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాటలతో కథ నడిపే టేబుల్‌టాప్ ఆర్పీజీలు ఇంకా ఎవరైనా ఆడతారా?

ఆడతారు. బొమ్మల్లో, వేగంలో కంప్యూటర్‌తో పోటీ పడలేం, నిజమే. పైగా నలుగురికీ ఒకేసారి తీరిక కుదరడం గగనం. అసలు దెబ్బ అక్కడే. కానీ ఆటలో ఎదురైన కోట కాపలావాడితో పోరాడకుండా "మీ పాపకి జ్వరం తగ్గిందా?" అని అడిగారనుకోండి. వీడియో గేములో ఆ మాట ముందే రాసిపెట్టి ఉండాలి. ఇక్కడ ఆటని నడిపించే గేమ్ మాస్టర్ ఒక్క క్షణం ఆగి, ఆ పాపని అప్పటికప్పుడు కథలోకి తెస్తారు. మీ ప్రయత్నం ఫలించిందో లేదో తేల్చే ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంటే బల్ల చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. నాకైతే దీనికి సాటి ఇంకా కనబడలేదు.

అన్నట్టు, వీడియో గేముల్లోని లెవెల్స్, హిట్ పాయింట్లకు (పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) దారి వేసింది 1974 నాటి టేబుల్‌టాప్ ఆర్పీజీ డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 2023లో వచ్చిన వీడియో గేమ్ బాల్డర్స్ గేట్ 3 కూడా దాని ఐదో ఎడిషన్ నియమాల ఆధారంగా చేసిందే.