కోనసీమలో కొబ్బరినీళ్లు మానడమా!

ప్రశ్న: అంతర్వేది తీర్థం నుంచి వచ్చాక మా నాలుగేళ్ల బాబుకి జలుబు, దగ్గు పట్టుకున్నాయి. నీళ్లలా కారిన చీమిడి ఇప్పుడు పచ్చగా వస్తోంది. మందుల షాపులో యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చారు. మా అత్తగారు కొబ్బరినీళ్లు, పెరుగు మాన్పించేశారు. సిరప్ వేయమంటారా డాక్టర్ గారూ?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: ఆ సీసా మూత తీయకండమ్మా. పిల్లల జలుబులు దాదాపు అన్నీ వైరస్‌ల వల్లే వస్తాయి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. విరేచనాలు మాత్రం తెప్పించగలదు! చీమిడి పచ్చబడిందని టెన్షన్ వద్దు. వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైమ్ వల్ల ఆ రంగు వస్తుంది. జలుబు వారం పది రోజుల్లో తగ్గుతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు సాగుతుంది, అందరూ కంగారుపడేది అక్కడే.

ముక్కు దిబ్బడేస్తే సెలైన్ చుక్కలు వేయండి. రాత్రి దగ్గుకి ఒక చెంచా తేనె చాలు (ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదు). జ్వరం ఉంటేనే పారాసెటమాల్, అదీ బరువును బట్టి: కిలోకి 15 మిల్లీగ్రాములు మించకుండా, ఆరు గంటలకోసారి. మరిగే నీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టకండి. ఒళ్లు కాల్చుకుని వచ్చే పిల్లల్ని చూస్తుంటాను.

కొబ్బరినీళ్లు, పెరుగు నిక్షేపంగా ఇవ్వండి. కోనసీమలో ఉండి కొబ్బరినీళ్లు మానడమేంటి! అత్తగారికి నా మాటగా చెప్పండి.

బాబు నిద్రలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 40 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా, నీళ్లు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం మూడు రోజులు దాటినా, చెవిపోటు అన్నా డాక్టరుకి చూపించండి.