గెనిమ కాడ కొట్లాట, బెంగళూరులో ఉన్న తమ్ముడు ఏ5

ప్రశ్న: సార్ నమస్తే. మాది పత్తికొండ దగ్గర పల్లె. పోయిన వారం గెనిమ (పొలం గట్టు) కాడ మా నాయనకి, మా చిన్నాయన వాళ్ళకి మాటా మాటా పెరిగి కట్టెలతో కొట్టుకున్నారు. అటువైపు ఒకాయనకి తలకి కుట్లు పడినాయి. కేసులో మా నాయన ఏ1 (మొదటి ముద్దాయి), నేను ఏ2, ఆ రోజు బెంగళూరులో డ్యూటీలో ఉన్న మా తమ్ముడు ఏ5. బీఎన్ఎస్ (కొత్త శిక్షా చట్టం) 118(1) ఆయుధంతో గాయపరచడం, 329(3) అక్రమంగా చొరబడడం పెట్టినారు. స్టేషన్ నుంచి వాట్సాప్‌లో ఏదో నోటీసు పెట్టినారు, ఫోన్ చేసి కూడా రమ్మంటున్నారు. పెద్దమనుషులేమో కొన్నాళ్ళు ఊరొదిలి పోండి అంటున్నారు. ఏం చేయాల సార్? (పేరు రాయొద్దు, కర్నూలు జిల్లా)

జవాబు: తమ్ముడూ, ముందు ఈ మాట విను, ఊరొదలొద్దు. పెద్దమనుషులు మంచికే చెప్తారు గానీ, ముద్దాయిలు పరారీలో ఉన్నారని పోలీసులు ఒక్క లైను రాసుకున్నారంటే రేపు బెయిలు అప్లికేషన్ వేసినప్పుడు పీపీ (సర్కారు తరఫు వకీలు) గారు జడ్జి గారికి మొదట చదివి వినిపించేది ఆ లైనే.

ఎఫ్ఐఆర్ కాపీ తీసుకో. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. కాపీ చేతికొచ్చినాక గొడవ ఎన్ని గంటలకి జరిగింది, ఫిర్యాదు ఎన్ని గంటలకి ఇచ్చినారు, మీ తమ్ముడి చేతిలో ఏం ఉండిందని రాసినారు, ఎవర్ని ఎక్కడ కొట్టినాడని రాసినారు, ఇవి చూడు. ఊరికే "అందరూ కలిసి కొట్టినారు" అని ఉంటే మీ వకీలుకి అదే పెద్ద పట్టు.

118(1)కి ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళ శిక్ష. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో చూడగానే పట్టుకొచ్చి లోపల వేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మామూలుగా ముందు నోటీసు ఇచ్చి పిలిపించాల, మనం ఒకప్పుడు 41ఏ నోటీసు అనుకునేది, 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 35(3) అయింది. నోటీసు ప్రకారం పోయి విచారణకి సహకరిస్తే, కారణం రాతలో చూపించకుండా అరెస్టు చేయడానికి లేదు. వాట్సాప్‌లో పంపితే చాలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి మీకొచ్చింది సరైన నోటీసు కాదు, కానీ దాన్ని పట్టుకుని పోకుండా కూర్చోవద్దు, వకీలుని వెంట పెట్టుకుని పోండి, చేతికి నోటీసు ఇమ్మని అడగండి. ఒకవేళ అరెస్టు చేసి ప్రశ్నిస్తే, అప్పుడు వకీలుని కలిసే హక్కు బీఎన్ఎస్ఎస్ 38వ సెక్షన్‌లోనే ఉంది. నోటీసు అందిందని సంతకం పెట్టొచ్చు. తెల్ల కాగితం మీద మాత్రం ఎవరు ఎంత మంచిగా అడిగినా పెట్టొద్దు. నీకు దండం పెడతా, పెట్టొద్దు.

ఇంక మీ తమ్ముడి సంగతి. అక్కడ లేనని చెప్పేవాడే ఆ సంగతి రుజువు చేసుకోవాల, అట్లా అని రుజువు పుట్టించకూడదు, ఉన్నదాన్ని కాపాడుకోవాల. కంపెనీలో హాజరు రికార్డు, గేటు కాడ సీసీ కెమెరా ఫుటేజీ (ఇది కొన్నాళ్ళకి దాని మీద అదే రాసుకుపోతుంది, ఈ రోజే మేనేజర్‌కి లెటర్ పెట్టి ఆపించమను), ఫోన్‌పే కొట్టిన టైము, ఇవన్నీ సేకరించండి. నా దగ్గరికి ఒక పిల్లోడు వచ్చినాడు ఒకసారి, సరిగ్గా ఇట్లాంటి కేసే. ఆ రోజు బస్సు టికెట్టు భద్రంగా పర్సులో మడిచి పెట్టుకున్నాడు పాపం, విచారణకి వచ్చేసరికి అది తెల్ల కాగితం అయిపోయింది, ఒక్క అక్షరం లేదు. ఆ మిషను టికెట్టు మీద అచ్చు వేడికి పడేదే, కొన్నాళ్ళకి ఎగిరిపోతుంది. అందుకే దొరికిన రోజే జిరాక్స్ తీయండి, ఫోటో తీయండి. ఫోన్‌లోవి, కెమెరావి అయితే కొత్త సాక్ష్య చట్టం (బీఎస్ఏ) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతపరచాల, లేకుంటే కోర్టు వాటిని లెక్కలోకి తీసుకోదు. ఒక సెట్టు దర్యాప్తు అధికారికి, ఒక సెట్టు ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. చార్జిషీటు వేసేలోపు అవి చూసి పేరు తీసేసే అవకాశం ఉంటుంది.

ఒక భయం మాత్రం నాకుంది. కుట్లు పడినాయి అంటున్నావు. రేపు ఊండ్ సర్టిఫికెట్ (డాక్టరు ఇచ్చే గాయాల పత్రం)లో ఎముక విరిగిందని వస్తే కేసు 118(2)కి మారుతుంది, దానికి యావజ్జీవం దాకా ఉంది, అప్పుడు ఇందాక చెప్పిన ఏడేళ్ళ రక్షణ దొరకదు. అందుకే బీఎన్ఎస్ఎస్ 482 కింద ముందస్తు బెయిలు పిటిషన్ ఇప్పుడే రాయించి పెట్టుకోండి. మీ నాయనకి కూడా దెబ్బలు తగిలి ఉంటే సర్కారు ఆసుపత్రిలో చూపించి ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం డాక్టరు రాసే రికార్డు) రాయించి, ఉన్నది ఉన్నట్టు ఫిర్యాదు ఇవ్వండి. లేని దెబ్బలు చూపించి కౌంటర్ కేసు పెట్టిస్తామని ఎవరన్నా వస్తే వాకిట్లోంచే పంపించండి.

ప్రశ్న: తప్పు చేసినాడని తెలిసి కూడా వాడి తరఫున ఎట్లా వాదిస్తారు సార్, మీకు నిద్ర పడుతుందా? (డిగ్రీ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: పడుతుందమ్మా. నేను అబద్ధపు సాక్షిని తయారు చేస్తే పట్టకూడదు, ఆ పని చేయను. నేను చేసేది ప్రాసిక్యూషన్ వాళ్ళని రుజువు చూపించమని అడగడం. ముంబై దాడుల్లో ప్రాణాలతో పట్టుబడిన కసబ్‌కి కూడా ఈ దేశం వకీలుని పెట్టి, విచారణ జరిపి, ఆ తర్వాతే 2012లో ఉరి వేసింది. తప్పు చేసినాడని నువ్వు అంటున్నావే, అది నీకెట్లా తెలుసు? ఫోన్‌లో చూసినావు, రచ్చబండ కాడ విన్నావు. పై ప్రశ్న రాసిన పిల్లోడి తమ్ముడు కూడా ఆ ఊర్లో సగం మంది లెక్కలో "కొట్టినోడే" కదమ్మా.

ప్రశ్న: అన్నా, మా ఆయన బేల్దారి పని చేస్తాడు. పని చేసిన ఇంట్లో సొమ్ము పోయిందని 305 సెక్షన్ కింద కేసు పెట్టి రిమాండ్ చేసినారు, ఈ రోజుకి యాభై రోజులు. వకీలుకి ఇచ్చే దుడ్లు లేవు. ఇద్దరు పిల్లోళ్ళు. (కడప)

జవాబు: అక్కా, దుడ్లు లేవని ఆగొద్దు. కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయం లెక్క లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, పోలేకపోతే 15100కి ఫోన్ చెయ్యి.

అందరికీ తెలియని విషయం ఇంకొకటి చెప్తా. బీఎన్ఎస్ 305 (ఇంట్లో దొంగతనం)కి ఏడేళ్ళ దాకా శిక్ష. ఇట్లాంటి కేసులో 60 రోజుల్లోపు పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిలు మీ ఆయనకి హక్కు అయిపోతుంది, జడ్జి గారు కాదనడానికి లేదు. లెక్క రిమాండ్ చేసిన రోజు నుంచే. కానీ ఆ హక్కు దానంతట అది ఇంటికి రాదు, 60 దాటిన మరుసటి పొద్దునే పిటిషన్ వేయాల, మనం వేసేలోపు వాళ్ళు చార్జిషీటు వేసేస్తే అది చేయి జారిపోతుంది. బెయిలు వచ్చినా ష్యూరిటీలు (జామీను ఉండేవాళ్ళు) దొరకక లోపలే ఉండేవాళ్ళు ఎంతమందో. అట్లా ఏడు రోజులు దాటితే జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థకి తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, మీరూ పోయి గుర్తు చేయండి. భూమి పాస్‌బుక్కు ఉన్న బంధువు ఒకరిద్దరితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోక్కా.

నువ్వు రాసేటప్పటికే యాభై రోజులు, ఈ పత్రిక నీ చేతికొచ్చేసరికి ఎన్నవుతాయో. అందుకే నీ ఉత్తరం అందిన రోజే ఫోన్‌లో నీకు ఇవన్నీ చెప్పినాను. ఇక్కడ వేసింది నీలాంటి పరిస్థితిలో ఉన్న మిగతా ఇళ్ళ కోసం. రిమాండ్ రిపోర్టు కాపీ, ఆధార్ కార్డు సంచిలో వేసుకుని పొద్దున పదిన్నరకల్లా కోర్టు కాడ ఉండండి.