సమ్మెకు ముందు ఓటింగ్ పెట్టమంటే సభ్యత్వం తీసేస్తారా?

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరులో ఒక ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీలో పదకొండేళ్లుగా ల్యాబ్ అసిస్టెంటుగా చేస్తున్నాను. మా బోధనేతర సిబ్బంది యూనియన్‌లో 340 మందిమి ఉన్నాం. మూడేళ్లుగా జీతాల సవరణ లేదు. ల్యాబుల్లోకి ఔట్‌సోర్సింగ్ వాళ్లను తెస్తున్నారు. పోయిన నెల సమావేశంలో మా కార్యదర్శి సెమిస్టర్ పరీక్షల మొదటి రోజు నుంచి నిరవధిక సమ్మె అన్నారు. ముందు ఒకరోజు అందరం కాజువల్ లీవు పెడదామని కొందరన్నారు. ఓటింగ్ పెట్టండని నేను లేచి అడిగితే ‘నువ్వు మేనేజ్‌మెంటు మనిషివా?’ అన్నారు. చేతులెత్తించారు గానీ లెక్కపెట్టలేదు. హాజరు కోసం మేం పెట్టిన సంతకాల పైన తర్వాత ‘ఏకగ్రీవ తీర్మానం’ అని రాసుకున్నారట. ఇంకోసారి ఇలా మాట్లాడితే సభ్యత్వం తీసేస్తామంటున్నారు. సమ్మెలో దిగితే ఉద్యోగం పోతుందా? దిగకపోతే తోటివాళ్ల ముఖం ఎలా చూడను?
ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ సంతకాల సంగతి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట ఒక యూనియన్ తరఫున నేను లాయరుగా హాజరయ్యాను. సమావేశాల్లో జరిగింది రాసుకునే మా మినిట్స్ బుక్కు అవతలి లాయరు చేతికి వెళ్లింది. పేజీ కింద సంతకాలన్నీ నీలం ఇంకు. పైన తీర్మానం నల్ల ఇంకు. చివరి రెండు లైన్లకు చోటు చాలక అక్షరాలు చిన్నవై, మొదటి సంతకం పక్కనుంచి ఒంగి కిందికి దిగాయి. ‘సంతకాలు ముందా, తీర్మానం ముందా?’ అని ఆయన అడిగిందల్లా అదే. మా కార్యదర్శి నీళ్లు నమిలాడు. డిమాండ్లలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ పేజీ చూశాక వాటి గురించి వినే ఓపిక ఎవరికీ మిగల్లేదు. మీ కార్యదర్శిది చెడ్డ ఉద్దేశమని నేననను. తొందరలో చేసిన పనే కావచ్చు. అయినా రేపు మేనేజ్‌మెంటు కోర్టుకు వెళితే అందరికన్నా ముందు పట్టుకునేది ఆ పేజీనే.

సమ్మెకు రహస్య ఓటింగ్ జరగాలని మనకు వర్తించే కేంద్ర చట్టం చెప్పదు. మహారాష్ట్ర 1971లో చేసిన చట్టంలో, గుర్తింపు పొందిన యూనియన్ సభ్యుల్లో మెజారిటీ ఓటు లేకుండా సమ్మెకు దిగితే అది చట్టవిరుద్ధమని రాశారు. ఇక్కడ అలాంటిది లేదు గనక మీ యూనియన్ బైలానే, అంటే నియమావళే మీకు చట్టం. సమ్మె నిర్ణయం కార్యవర్గానిదా, సర్వసభ్య సమావేశానిదా, కోరం (కనీస హాజరు) ఎంత, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రత్యేక సమావేశం కోరడానికి ఎంతమంది సంతకాలు కావాలి అన్నవి అందులో చూడండి. బైలా కన్నడలో ఉంటే దిగులుపడకండి. మనవాళ్లకు కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదవడం పెద్ద కష్టం కాదు. ‘మహాసభె’ (సర్వసభ్య సమావేశం) అన్న మాట ఎక్కడుందో వెతికి ఆ పేజీలు తెలిసినవాళ్లతో చదివించుకోండి. బైలా ఒక కాపీ అడగండి. సభ్యుల జాబితా, లెక్కల పుస్తకాలు చూడడం సభ్యురాలిగా మీ హక్కు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం నుంచీ ఉన్న హక్కే ఇది.

ఇక సమ్మె విషయం. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త కేంద్ర చట్టం అమల్లోకి వచ్చింది. మీ కార్యదర్శి ఇంకా పాత చట్టం లెక్కలోనే ఉన్నారని నా అనుమానం. పాత చట్టంలో సమ్మె నోటీసు తప్పనిసరన్నది ప్రజోపయోగ సేవలకే. ఇప్పుడు ఏ పారిశ్రామిక సంస్థలో పనిచేసేవారైనా నోటీసు ఇవ్వాల్సిందే. ఇచ్చాక పద్నాలుగు రోజులు ఆగాలి. ఆ నోటీసు అరవై రోజుల వరకే పనికొస్తుంది. లేబర్ ఆఫీసరు జరిపే రాజీ చర్చలు నడుస్తున్నంత కాలం, అవి ముగిశాక మరో ఏడు రోజులు సమ్మె చేయకూడదు.

ఉదాహరణకు జూన్ 1న నోటీసు ఇచ్చి, అందులో జూన్ 20న సమ్మె అని రాశారనుకోండి. పద్నాలుగు రోజులు దాటాయి గనక దిగవచ్చనుకుంటారు. కానీ లేబర్ ఆఫీసరు 12న ఇరుపక్షాలనూ పిలిచి మొదటి మీటింగు పెడితే ఆ రోజే రాజీ ప్రక్రియ మొదలైనట్టు. దానికి ఆయనకు పద్నాలుగు రోజుల గడువుంది. 26న ముగిసిందనుకుంటే ఇంకో ఏడు రోజులు కలపండి. జులై 3 దాటాకే సమ్మె. మళ్లీ జులై ఆఖరు దాటితే కొత్త నోటీసు కావాలి. పరీక్షల మొదటి రోజునే దెబ్బ కొట్టాలని మీవాళ్లు చూస్తున్నారు సరే, బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక శాఖ ఆఫీసున్న కార్మిక భవన నుంచి వచ్చే ఒక్క పిలుపుతో ఆ తేదీ చెయ్యి జారిపోతుంది. ఈ లెక్క సమావేశంలో ఎవరైనా బోర్డు మీద రాసి చూపించారా?

అందరూ కాజువల్ లీవు పెట్టడం కూడా సమ్మె కిందికే వస్తుంది. సంస్థలో పనిచేసేవారిలో సగం మందో అంతకుమించో కూడబలుక్కుని ఒకే రోజు సెలవు పెడితే అది సమ్మేనని కొత్త కోడ్ నిర్వచనంలోనే చేర్చింది. ‘సెలవు మా హక్కు, నోటీసు దేనికి?’ అన్న వాదన ఇక నిలవదు. ఆఫీసుకొచ్చి కలం ముట్టకుండా కూర్చోవడమూ సమ్మేనని సుప్రీంకోర్టు 1959లోనే పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో చెప్పింది. పని ఆపకుండా నల్ల బ్యాడ్జీలు పెట్టుకోవడం, డ్యూటీ అయ్యాక అనుమతి తీసుకుని ఫ్రీడమ్ పార్కులో ధర్నా చేయడం సమ్మె కాదు. ఈ పద్నాలుగు రోజులూ అవి చేసుకోవచ్చు. నా మటుకు నాకు అదే మంచి దారి అనిపిస్తుంది. ఎంతమంది నిజంగా మన వెంట ఉన్నారో అక్కడే తేలిపోతుంది.

ఉద్యోగం పోతుందా అన్నారు. పద్ధతి ప్రకారం జరిగిన సమ్మెలో పాల్గొన్నంత మాత్రాన పోదు. జీతం మాత్రం రాదు. పని చేయని రోజులకు కోత పెట్టవచ్చని 1990లో బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో తీర్పు ఉంది. చట్టవిరుద్ధ సమ్మె అయితే పాల్గొన్నవారికి వెయ్యి నుంచి పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఉసిగొల్పినవారికి జరిమానా పదివేల నుంచి యాభై వేలు. నోటీసు లేకుండా పదిమందో అంతకుమించో కలిసి ఆగిపోతే, నియామక షరతుల్లో అలా ఉంటే ఎనిమిది రోజుల జీతం దాకా కోయవచ్చు. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు ఒకసారి తీసి చూడండి. సమ్మె చట్టవిరుద్ధమైనా శాంతంగా పాల్గొన్న మనిషిని కేవలం అందుకే డిస్మిస్ చేయడం సరికాదని 1979లో గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి పాత్ర ఎంతో విచారణలో విడివిడిగా తేల్చాలి.

‘సుప్రీంకోర్టే సమ్మె హక్కు లేదంది’ అని మేనేజ్‌మెంటు మీకు చెబుతుంది. వాళ్లు చూపించేది 2003 నాటి తమిళనాడు తీర్పు. అది ప్రభుత్వ ఉద్యోగుల గురించి. సమ్మె ప్రాథమిక హక్కు కాదన్న మాట నిజమే, 1962 నుంచీ కోర్టులు ఆ మాటే అంటున్నాయి. కానీ పారిశ్రామిక చట్టం కిందికి వచ్చేవారికి ఆ చట్టం గీసిన గీతల్లోపల సమ్మెకు చోటుంది. యూనివర్సిటీ పరిశ్రమ అవుతుందా అంటే, మన బెంగళూరు జలమండలి కేసులోనే 1978లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం విద్యాసంస్థలూ పరిశ్రమలేనంది. ఆ తీర్పును తిరిగి చూడాలని 2017లో తొమ్మిదిమంది ధర్మాసనానికి పంపారు. కొత్త కోడ్‌లో ధర్మసంస్థలు నడిపేవాటికి మినహాయింపు ఉంది, కాబట్టి మీ ట్రస్టు ఆ మాట ఎత్తుతుంది. ఎత్తితే దాన్ని ఎదుర్కోవడానికి ఇప్పటినుంచే కాగితాలు పెట్టుకోండి. ఒకవేళ అధ్యాపకులు కూడా మీతో వస్తామంటే వాళ్ల లెక్క వేరు. టీచర్లు ‘వర్క్‌మెన్’ (చట్టం దృష్టిలో కార్మికులు) కారని 1988లో గోవా కేసులో తేలింది.

సభ్యత్వం తీసేస్తామన్న బెదిరింపుకు భయపడకండి. ఓటింగ్ అడగడం ఏ బైలాలోనూ నేరం కాదు. సంఘం నుంచి మనిషిని తొలగించాలంటే సంఘం నియమాలు పాటించాలి, ఆరోపణ చెప్పాలి, జవాబు వినాలి. బెళగావిలో ఫ్రీమేసన్ల సంఘమైన ‘లాడ్జి’ సభ్యుడి కేసులో 1962లో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. యూనియన్ నిర్వహణ మీద, ఎన్నికల మీద సభ్యులకూ యూనియన్‌కూ తగాదా వస్తే కొత్త కోడ్ 22వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. హైకోర్టు తప్ప సివిల్ కోర్టులు దీన్ని చేపట్టలేవు. అయితే అక్కడిదాకా పోకండి. యూనియన్ పరువు బజారున పడితే సంతోషించేది అవతలివాళ్లే.

సమ్మెలో దిగమని చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. కానీ ఓటు నిజాయితీగా జరిగి మీ మాట ఓడిపోతే, మీరు కూడా వాళ్లతో దిగండి. ఓటింగ్ అడిగిన మనిషి ఓటు ఫలితానికి కట్టుబడినప్పుడే ఆ అడగడానికి విలువ. తోటివాళ్ల ముఖం ఎలా చూడాలన్న ప్రశ్న అప్పుడు ఉండదు.

ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. బైలా చెప్పినంత మందితో సంతకాలు చేయించి కార్యదర్శి గారికి రెండు ముక్కల ఉత్తరం ఇవ్వండి. ‘జీతాల సవరణ, ఔట్‌సోర్సింగ్ డిమాండ్లకు మేమంతా కట్టుబడి ఉన్నాం. సమ్మె నోటీసు ఇవ్వడానికి ముందు ప్రత్యేక సర్వసభ్య సమావేశం పిలిచి, ఏ రూపంలో, ఏ తేదీ నుంచి అన్న రెండు అంశాల మీద రహస్య ఓటింగ్ జరిపి, లెక్కను మినిట్స్‌లో రాయాలని కోరుతున్నాం.’ డిమాండ్లకు కట్టుబడి ఉన్నామన్న వాక్యం ముందు రాయండి, మేనేజ్‌మెంటు మనిషన్న నింద అక్కడే ఆగిపోతుంది. రెండో కాపీ మీద ‘అందింది’ అని తేదీతో సంతకం తీసుకుని ఇంట్లో భద్రపరచండి.