తుంటి ఆపరేషన్ తర్వాత బుర్ర పనిచెయ్యట్లేదు.. మత్తు ఇంజక్షన్ వల్లేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: నా వయసు 64, రిటైర్డ్ టీచర్‌ని. ఐదు వారాల కిందట ఎడమ తుంటి మార్పిడి ఆపరేషన్ అయింది. కాలు బాగానే ఉంది, వాకర్ వదిలేసి కర్రతో నడుస్తున్నా. కానీ పేపర్ చదువుతుంటే కింద పేరాకి వచ్చేసరికి పైన ఏం చదివానో గుర్తుండట్లేదు, మాట్లాడుతూ మధ్యలో మాట దొరకదు, పొద్దున్న మాత్రలు వేసుకున్నానో లేదో కోడల్ని అడగాల్సి వస్తోంది. నడుముకి ఇచ్చిన మత్తు వల్లే అని అందరూ అంటున్నారు. ఇది మతిమరుపు జబ్బుకి మొదలా? థైరాయిడ్, బీపీ ఉన్నాయి, వాడే మందులన్నీ రాసి పంపుతున్నా. మెమరీ టానిక్ ఏదైనా వాడొచ్చా? - ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు మందుల లిస్టు రాసి పంపడం చాలా మంచి పని చేశారు, ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

ముందు మత్తు సంగతి చెప్తా. నడుముకి ఇచ్చే మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది, ఐదు వారాల దాకా ఉండదు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళ మీద నడుముకి ఇచ్చే మత్తు, పూర్తి మత్తు రెండింటినీ పోల్చి చూసిన రెండు పెద్ద స్టడీలు 2021లో వచ్చాయి, ఆపరేషన్ తర్వాత వచ్చే మతిభ్రమలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. అంటే ఆపరేషన్ తర్వాత బుర్ర మందగించడం అనేది లేదని కాదు, ఉంది. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 60 దాటిన 1,218 మందిని పరీక్షించిన స్టడీ ఒకటి వచ్చింది, పెద్ద ఆపరేషన్ అయిన వారానికి 25.8 శాతం మందిలో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి తగ్గాయి, మూడు నెలలకి అది 9.9 శాతానికి దిగింది. చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది అన్నమాట. కాబట్టి ఐదో వారంలో ఉండి మతిమరుపు జబ్బు అని మీరు డిసైడ్ అయిపోకండి, ఇంట్లో వాళ్ళు కూడా మీ ఎదురుగా ఆ మాట అనొద్దని చెప్పండి, ఆ భయంతోనే సగం నిద్ర పోతుంది.

ఇక మీ లిస్టు చూద్దాం. ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన నొప్పి మాత్ర ఇంకా రోజుకి మూడు వేసుకుంటున్నారు. రాత్రి ప్రీగాబలిన్ 75, నార్ట్రిప్టిలిన్ 10 కలిసిన నరాల నొప్పి మాత్ర. దాని మీద నిద్ర పట్టట్లేదని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఆల్ప్రాజోలం 0.25 అనే మగత మాత్ర. అమ్మా, ఈ మూడూ మెదడుని మందగింపజేసేవే, విడివిడిగా ఒక్కోటి తట్టుకోవచ్చేమో గానీ 64 ఏళ్ళ వయసులో మూడూ కలిస్తే పొద్దున్న లేచేసరికి మబ్బుగానే ఉంటుంది, మాట వెతుక్కోవాల్సి వస్తుంది. తూలి పడే ప్రమాదం కూడా ఎక్కువ, కొత్త తుంటితో మొదటి మూడు నెలల్లో పడితే కీలు జారిపోయే భయం ఉంది. అలాగని రేపటి నుంచి అన్నీ ఆపెయ్యకండి! వారాల తరబడి వాడినవి ఒక్కసారిగా ఆపితే చెమటలు, కంగారు, నిద్ర అసలు పట్టకపోవడం, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఈ వారంలోనే మీ సర్జన్ గారికి లిస్టు మొత్తం చూపించి ఏది ముందు తగ్గించాలో, ఎన్ని రోజుల్లో తగ్గించాలో రాయించుకోండి. నొప్పి తగ్గి ఉంటే చాలామందికి వట్టి పారాసెటమాల్ సరిపోతుంది, కాకపోతే ఇప్పుడు వేసుకునే మాత్రలో అది ఆల్రెడీ ఉంది కాబట్టి అడగకుండా రెండూ కలిపి వేసుకోవద్దు.

నాకు ఇంకా గట్టిగా అనుమానం వచ్చింది థైరాయిడ్ మాత్ర దగ్గర. పొద్దున్నే అది వేసుకుని, అరగంటకి టిఫిన్ తిని, వెంటనే ఆపరేషన్ తర్వాత రాసిన ఐరన్, కాల్షియం రెండూ కలిపి వేసుకుంటున్నానని రాశారు. ఐరన్, కాల్షియం థైరాయిడ్ మందుని ఒంటికి పట్టనివ్వవు, మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉండాలి. మీరు మాత్ర మానలేదు, కానీ అందులో ఎంత ఒంటికి పడుతోందో అనుమానమే. ఐరన్ మధ్యాహ్నానికి, కాల్షియం రాత్రి భోజనానికి మార్చండి, ఈ రెండూ ఒకదానికొకటి కూడా పడవు. ఇది చాలామంది ఇళ్ళల్లో జరుగుతోంది, డిశ్చార్జ్ అప్పుడు కొత్త మందులు రాస్తారు గానీ పాత మందులతో కలిపి ఏ టైముకి ఏది అని కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ, నాకు బాధ కలిగించే విషయం ఇది.

మీ బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది, అది ఒంట్లో ఉప్పునీ నీటినీ యూరిన్‌లో బయటికి పంపే మందు, దానికి తోడు ఉప్పు బాగా తగ్గించి చప్పిడి తింటున్నానన్నారు, ఒంట్లో సోడియం పడిపోవడానికి ఇది చాలు. సోడియం తగ్గితే ఇలాంటి మగత రావచ్చు. అందుకని సోడియం, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు), షుగర్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టు), విటమిన్ బీ12, యూరిన్ టెస్టు ఒక్కసారే చేయించండి. తుంటి ఆపరేషన్‌లో రక్తం బాగానే పోతుంది, హిమోగ్లోబిన్ తగ్గి ఉంటే చదివింది ఎక్కదు, నాలుగు అడుగులకే నీరసం వస్తుంది.

నీళ్ళ సంగతి మీరు రాయలేదు కానీ నేను అడుగుతున్నా. మాటిమాటికీ బాత్రూమ్‌కి లేవడం కష్టమని మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు సాయంత్రం నుంచి నీళ్ళు తాగడమే మానేస్తారు, దాంతో మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్, మగత అన్నీ వరసగా వస్తాయి. కమోడ్ మీద పెట్టుకునే ఎత్తు సీటు, అంటే రైజర్, దొరుకుతుంది, అది పెట్టించుకుని పగటిపూట ధైర్యంగా తాగండి, గుండె, కిడ్నీ సమస్య ఉందని ఎవరైనా నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటే మాత్రం వాళ్ళనే అడగండి.

నిద్ర కూడా చూడాలి. కాళ్ళ మధ్య దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకోమన్నారు కదా, అలా పడుకుంటే గురక ఉన్నవాళ్ళకి ఊపిరి ఎక్కువ సార్లు ఆగుతుంది. మీరు గట్టిగా గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగుతోందా అని కోడల్ని ఒక రాత్రి గమనించమనండి, ఆ మాట సర్జన్‌కి చెప్పండి.

ప్రస్తుతానికి పేపర్ ఒక్కసారే మొత్తం చదవాలని కూర్చోవద్దు, పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు చాలు. మాత్రలకి వారం డబ్బా కొనుక్కోండి, గడి ఖాళీ అయిందంటే వేసుకున్నట్టే, ఎవర్నీ అడగక్కర్లేదు. బ్యాంకు, ఆస్తి కాగితాల మీద సంతకాలు కొన్నాళ్ళు వాయిదా వెయ్యండి.

ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, పొంతన లేకుండా మాట్లాడటం, మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యి పట్టు తప్పడం, ఆయాసం, ఛాతీనొప్పి, పిక్క వాచి నొప్పి రావడం, జ్వరంతో కుట్ల దగ్గర చీము, ఇలాంటివి కనపడితే మాత్రం నా జవాబు కోసం ఎదురుచూడొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. రక్తం పల్చబడే మందు వాడుతూ తలకి దెబ్బ తగిలినా అంతే. మందులు సర్దుకుని, టెస్టుల్లో తేలినవి సరిచేసుకున్నాక కూడా మూడు నెలలు దాటినా ఇలాగే ఉంటే అప్పుడు న్యూరాలజిస్ట్‌ని కలవండి.

మెమరీ టానిక్ అడిగారు. వద్దమ్మా. కొన్నిట్లో ఉండే జింకో అనే చెట్టు ఆకుల సారం రక్తం పల్చబడే మందులతో కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ఆ డబ్బుతో ముందు సోడియం, టీఎస్‌హెచ్ టెస్టులు చేయించుకోండి, రిపోర్టులు వచ్చాక మళ్ళీ రాయండి.